పట్టేసిన బ్రేక్ క్యాలిపర్ పిస్టన్లను వదిలించడం: విప్పడం నుంచి ఎయిర్ తీసేదాకా

బైకు డిస్క్ బ్రేకులో పిస్టన్లతో ప్యాడ్లను డిస్క్‌కు అదిమే భాగం క్యాలిపర్. దాన్ని విప్పి బాగుచేద్దామని (రీబిల్డ్) కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది మొదట చేసే పని దానికి బ్రేక్ ఆయిల్ తెచ్చే హోస్ పైపు విప్పేయడం. ఆయిల్ మొత్తం కారిపోతుంది, క్యాలిపర్ బల్ల మీదికి వస్తుంది, పిస్టన్ మాత్రం రాదు. ఆ తర్వాత స్క్రూడ్రైవర్, ప్లయర్, సుత్తి వరసగా బయటికొస్తాయి. చివరికి పిస్టన్ మీద గాట్లు, అది కదిలే రంధ్రంలో (బోరులో) గీతలు మిగులుతాయి.

పిస్టన్‌ను తోయడానికి చేతికందే బలమైన పరికరం బండి మీదే ఉంది. అది బ్రేక్ లీవర్. 27 మి.మీ. వ్యాసం ఉన్న పిస్టన్‌ను తీసుకుంటే దాని వెనక భాగం వైశాల్యం సుమారు 5.7 చదరపు సెంటీమీటర్లు. కంప్రెసర్ గాలి 7 బార్ ప్రెషర్ ఇస్తే పిస్టన్ మీద పడే బలం దాదాపు 40 కిలోలు. అదే లీవర్ గట్టిగా నొక్కినప్పుడు లైనులో 70 బార్ వచ్చిందనుకుంటే 400 కిలోలు. పైగా గాలి కుదించుకుని ఉండి, పిస్టన్ వదిలిన క్షణంలో దాన్ని తూటాలా విసిరేస్తుంది. ఆయిల్ కుదించుకోదు కాబట్టి పిస్టన్ కదిలిన వెంటనే ప్రెషర్ పడిపోతుంది, ఎగరదు. అందుకే పిస్టన్లన్నీ చేతికి వచ్చే స్థితికి చేరేదాకా హోస్ జోలికి పోకండి.

అసలు పట్టేసింది పిస్టనేనా?

చక్రం బరువుగా తిరగడం, కొంతదూరం నడిపాక డిస్క్ విపరీతంగా వేడెక్కడం, రెండు ప్యాడ్లలో ఒకటే అరిగిపోవడం... ఇవన్నీ పిస్టన్ వల్లే రావాలని లేదు. విప్పే ముందు ఒక చిన్న పరీక్ష చేస్తే బోలెడు పని తప్పుతుంది.

చక్రాన్ని నేల నుంచి లేపండి. బ్రేక్ ఒకసారి నొక్కి వదిలి చక్రం తిప్పండి. పట్టుగా ఉంటే క్యాలిపర్ మీది బ్లీడర్ నిపుల్‌కు (ఆయిల్, గాలి బయటికి వదిలే బోలు స్క్రూకు) సన్నటి ప్లాస్టిక్ ట్యూబు తగిలించి పావు తిప్పు వదులు చేయండి. కాస్త ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయిపోతే పిస్టన్ తప్పు లేదు. వదిలిన ప్రెషర్ వెనక్కి పోలేక లైనులో చిక్కుకుపోయింది. అప్పుడు మళ్లీ నొక్కి, ఈసారి లీవర్ దగ్గర ఉండి ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌కు హోస్‌ను బిగించే బాంజో బోల్టును గుడ్డ చుట్టి వదులు చేసి చూడండి. అక్కడ వదులు చేసినప్పుడు చక్రం ఫ్రీ అయితే దోషం మాస్టర్ సిలిండర్‌ది. ఎక్కువగా ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్లే సన్నటి రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. అక్కడ వదులు చేసినా పట్టు పోక, క్యాలిపర్ దగ్గర వదులు చేస్తేనే పోతే హోస్ లోపల రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోయినట్టు. బ్లీడర్ తెరిచినా చక్రం పట్టుగానే ఉంటే అప్పుడు క్యాలిపర్‌ను అనుమానించాలి.

క్యాలిపర్‌లో కూడా, పిస్టన్లు ఒకవైపే ఉండే ఫ్లోటింగ్ రకం అయితే ముందు అది అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు చూడండి. క్యాలిపర్‌ను చేత్తో పక్కకు జరిపితే మెత్తగా జరగాలి. పిన్నుల మీద గ్రీజు ఎండి, తుప్పు పట్టి జరగకపోతే లక్షణాలన్నీ పిస్టన్ పట్టేసినట్టే ఉంటాయి. పిన్నులు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాస్తే చాలాసార్లు కథ అక్కడితో అయిపోతుంది.

ఎందుకు పడుతుంది?

బ్రేక్ వదిలాక పిస్టన్‌ను వెనక్కి లాగడానికి లోపల స్ప్రింగ్ ఏమీ ఉండదు. ఆ పని చేసేది చతురస్రపు కోత ఉన్న రబ్బరు సీలే. బ్రేక్ నొక్కినప్పుడు పిస్టన్ ముందుకు జరుగుతూ సీలు పెదవిని తనతో పాటు వంచుతుంది. వదలగానే సీలు నిటారుగా అయిపోతూ పిస్టన్‌ను మిల్లీమీటరులో ఏ కొద్ది భాగమో వెనక్కి తెస్తుంది. డిస్క్ ఫ్రీగా తిరగడానికి ఆ కాస్త చాలు. అది లేకపోతే ప్యాడ్ డిస్క్‌ను రాసుకుంటూనే ఉంటుంది.

ఈ ఏర్పాటు రెండు చోట్ల చెడుతుంది. ఒకటి కంటికి కనబడేది: ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వచ్చి, నీళ్లకూ దుమ్ముకూ ఎదురుగా నిలబడుతుంది, క్రోమ్ మీద తుప్పు మొదలవుతుంది. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు ఆ మురికితోనే లోపలికి నొక్కేస్తారు. రెండోది కనబడనిది, నా దృష్టిలో అసలు దోషి ఇదే: సీలు కూర్చునే గాడిలో అల్యూమినియం చిలుము పట్టి తెల్లటి పొడిలా పేరుకుంటుంది. అది సీలును వెనక నుంచి తోసి పిస్టన్‌కు గట్టిగా అదుముతుంది. పిస్టన్ అద్దంలా మెరుస్తున్నా కదలదు. పిస్టన్ తీసి, తుడిచి, అదే సీలుతో మళ్లీ పెడితే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికి రావడానికి కారణం ఈ గాడే.

పాత బ్రేక్ ఆయిల్ కూడా దీనికి తోడవుతుంది. గ్లైకాల్ రకం ఆయిల్ (డాట్ అనే గ్రేడుల్లో 3, 4, 5.1) గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4కు నిర్దేశించిన కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు. దాదాపు 3.7 శాతం నీరు చేరాక అది 155 డిగ్రీలే. ఆ నీరే లోపలి లోహాన్నీ తినేస్తుంది.

బండి మీద ఉండగానే వదులు చేయాల్సినవి

క్యాలిపర్ బండికి బిగించి ఉన్నప్పుడు, దాన్ని కదలకుండా పట్టడానికి అంతకన్నా మంచి వైస్ మీకు దొరకదు. బిగుతుగా ఉండే బోల్టులన్నిటినీ అప్పుడే ఒకసారి కదిలించి, మళ్లీ మామూలు పట్టుకు తిప్పి ఉంచండి: ప్యాడ్ పిన్నులు, బ్లీడర్ నిపుల్, బాంజో బోల్టు. రెండు ముక్కలుగా ఉండే క్యాలిపర్ అయితే వాటిని కలిపే బోల్టులు కూడా. కానీ ఆ ముక్కలను విడదీయడానికి కంపెనీ మాన్యువల్ ఒప్పుకుంటుందో లేదో, మధ్యలో ఉండే ఓ-రింగు (చిన్న గుండ్రటి రబ్బరు సీలు) విడిగా దొరుకుతుందో లేదో ముందు చూసుకోవాలి. దొరకకపోతే విడదీయకండి.

బ్లీడర్ నిపుల్ సంగతి కాస్త ప్రత్యేకం. ఓపెన్ స్పానర్‌తో తిప్పితే తల గుండ్రమైపోతుంది, ఆరు మూలల రింగు లేదా సాకెట్ వాడండి. బాగా పట్టేసి ఉంటే మధ్య రంధ్రంలో సరిగ్గా పట్టే పాత డ్రిల్ బిట్ వెనక భాగాన్ని దూర్చండి, బోలుగా ఉన్న నిపుల్ నలిగి విరగకుండా లోపలి నుంచి ఆసరా ఇస్తుంది. తల మీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు తట్టి, బిగించే వైపు ఒక వెంట్రుకవాసి తిప్పి, అప్పుడు వదులు చేసే వైపు ప్రయత్నించండి.

పెట్రోలు ట్యాంకు, మడ్‌గార్డు మీద పాత గుడ్డలు కప్పండి, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకోండి. బ్రేక్ ఆయిల్ పెయింటును ఊడదీస్తుంది. చుక్క పడితే రుద్దకుండా వెంటనే నీళ్లు పోయాలి. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి.

లీవర్‌తో తోయడం

ప్యాడ్లు తీసి, క్యాలిపర్‌ను డిస్క్ మీంచి జార్చి, హోస్‌తోనే వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. ముందు రెండు డిస్కులుంటే ఒకసారి ఒక క్యాలిపరే. రెండోది ప్యాడ్లతో సహా తన డిస్క్ మీదే ఉంటే దాని పిస్టన్లు కదలవు.

ఇప్పుడు పిస్టన్ల చుట్టూ సబ్బు నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో బాగా కడగండి. క్యాలిపర్ వైపున్న పిస్టన్ వెనక భాగం బ్రష్‌కు అందదు. అక్కడ షూ లేసు లాంటి గుడ్డ పీలికను తడిపి పిస్టన్ చుట్టూ తిప్పి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగితే మురికి వచ్చేస్తుంది. కడిగాక బయటికి కనబడే పిస్టన్ గోడకు కొత్త బ్రేక్ ఆయిల్ కాస్త రాయండి. కిరోసిన్, ఇంజిన్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రేలు ఈ దశలో వద్దు. బ్రేకు రబ్బరు వాటితో ఉబ్బుతుంది. ఉబ్బిన సీలు పిస్టన్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

లీవర్ కింద ఒక చెక్క ముక్క కట్టండి, పూర్తిగా నొక్కుకుపోకుండా. మాస్టర్ సిలిండర్‌లో దాని పిస్టన్ రోజూ వెళ్లని చివరి భాగంలో తుప్పు గరుకు ఉంటుంది. లోపలి కప్పు ఆకారపు రబ్బరు సీలు దాని మీదకు వెళ్తే చినిగిపోతుంది. క్యాలిపర్ బాగుచేస్తూ మాస్టర్ సిలిండర్ పాడుచేసుకోవడం ఇలాగే జరుగుతుంది.

లీవర్‌ను మెల్లగా నొక్కుతూ ఏ పిస్టన్ ముందు కదులుతోందో చూడండి. ఫ్రీగా ఉన్నది ముందు పరుగెడుతుంది, పట్టేసినది నిలబడి ఉంటుంది. ఫ్రీగా ఉన్నదాన్ని జీ క్లాంపు అనే స్క్రూ పట్టుతోనో, మధ్యలో సరిపోయే చెక్క ముక్కతోనో ఆపేయండి. అప్పుడు ప్రెషర్ అంతా పట్టేసిన దాని మీదకు మళ్లుతుంది. ఒక్క పిస్టన్ కూడా ముందుగా పూర్తిగా బయటికి రాకూడదు. అది వచ్చిన మరుక్షణం ఆయిల్ కారిపోతుంది, మిగతావాటిని తోసే బలం ఉండదు. పరిస్థితి మళ్లీ బల్ల మీద సుత్తి పట్టుకున్న దగ్గరికే చేరుతుంది.

పట్టేసినది ఒక మిల్లీమీటరు కదిలిందంటే గెలిచినట్టే, కానీ అదే ఊపులో బయటికి లాగేయకండి. బయటికొచ్చిన భాగాన్ని తుడిచి, ఆయిల్ రాసి, క్లాంపుతో మెల్లగా వెనక్కి నొక్కండి. మళ్లీ బయటికి. మళ్లీ లోపలికి. ప్రతిసారీ కొంచెం ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది, గుడ్డకు అంటే గోధుమరంగు మురికి తగ్గుతూ వస్తుంది. నొక్కేటప్పుడు బలం సరిగ్గా మధ్యలో పడాలి. పాత బల్ల సొరుగును ఒక పక్క నుంచే లాగితే అడ్డంగా ఇరుక్కున్నట్టు పిస్టన్ కూడా ఏటవాలుగా ఇరుక్కుంటుంది. అలా అయితే తోయడం ఆపి, ముందుకొచ్చిన అంచును చెక్కతో కొద్దిగా వెనక్కి తట్టి నిటారు చేసుకున్నాకే కొనసాగించాలి.

ఈ పని సాగుతున్నంతసేపూ పైన ట్యాంకులో ఆయిల్ మీద ఒక కన్ను ఉంచండి. 27 మి.మీ. పిస్టన్ 25 మి.మీ. బయటికి రావాలంటే 14 మిల్లీలీటర్లు కావాలి. 12.7 మి.మీ. మాస్టర్ సిలిండర్ 10 మి.మీ. కదిలితే ఇచ్చేది 1.3 మిల్లీలీటర్ల లోపే. అంటే ఒక్కో పిస్టన్‌కు పదీ పన్నెండు నొక్కులు, చెక్క అడ్డు ఉంది కాబట్టి ఇంకా ఎక్కువ. నాలుగు పిస్టన్లయితే చిన్న ట్యాంకు ఇట్టే ఖాళీ అవుతుంది. గాలి లాగిందంటే లీవర్ మెత్తబడి బలం పోతుంది. ఏబీఎస్ (చక్రం లాక్ అవకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్లలో అయితే ఆ గాలి యూనిట్ దాకా పోతే దాన్ని తీయడం వేరే తలనొప్పి. మరోవైపు, పిస్టన్ లోపలికి నొక్కినప్పుడు ట్యాంకు పొంగుతుంది, మూత వదులుగా పెట్టి చుట్టూ గుడ్డ చుట్టండి.

పిస్టన్లన్నీ సమానంగా, సీలు అంచు దాకా వచ్చాక ఆగండి. ఇప్పుడు హోస్ విప్పి, క్యాలిపర్ కింద పళ్లెం పెట్టి, చేతివేళ్లతో మెలితిప్పుతూ తీసేయండి. బోరులో ఏ పిస్టన్ ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి, కొన్ని క్యాలిపర్లలో రెండు సైజులు ఉంటాయి.

లీవర్‌కు లొంగకపోతే

మాస్టర్ సిలిండర్ పనిచేయకపోయినా, క్యాలిపర్ విడిగా చేతికొచ్చినా నా మొదటి ఓటు గ్రీజు గన్‌కే. గ్రీజు కూడా ఆయిల్ లాగే కుదించుకోదు, గన్ వందల బార్ల ప్రెషర్ ఇస్తుంది, పిస్టన్ నత్తనడకన వస్తుంది. బ్లీడర్ రంధ్రంలోనో బాంజో రంధ్రంలోనో సరిపోయే గ్రీజు నిపుల్ బిగించి, రెండో రంధ్రాన్ని బోల్టు, రాగి వాషర్‌తో మూసేయాలి. మర చూసుకోవడం ముఖ్యం. బాంజో మర చాలా క్యాలిపర్లలో ఎం10, కానీ పిచ్ 1.0 ఉండొచ్చు, 1.25 ఉండొచ్చు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, తప్పుదాన్ని బలవంతంగా ఎక్కిస్తే అల్యూమినియం మర అక్కడికక్కడే పోతుంది. వేళ్లతో నాలుగైదు చుట్లు సాఫీగా ఎక్కితేనే స్పానర్ పట్టుకోండి. ఫ్రీ పిస్టన్లను క్లాంపుతో ఆపే పద్ధతి ఇక్కడా అదే. ఈ దారి పట్టారంటే పాత సీళ్లు మళ్లీ వాడే ప్రశ్నే లేదు. లోపలి సన్నటి దారుల్లో గ్రీజు ఆనవాలు కూడా మిగలకూడదు.

గాలి వాడక తప్పకపోతే, ముందు లోపలి ఆయిల్ మొత్తం ఒంపేయండి. పిస్టన్ ఎదురుగా మందపాటి చెక్క, దాని చుట్టూ గుడ్డ, వేళ్లు ఆ ఖాళీలో ఎక్కడా ఉండకూడదు. రెండు బార్లతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. గాలి పెట్టాక రాలేదని క్యాలిపర్‌ను మొహం దగ్గరికి తెచ్చి చూడటం అన్నిటికన్నా ప్రమాదం.

వేడి విడిగా కాకుండా పై రెండిటికీ తోడుగా బాగా పనిచేస్తుంది. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 27 మి.మీ. బోరును 80 డిగ్రీలు వేడెక్కిస్తే ఉక్కు పిస్టన్ కన్నా అది 0.02 మి.మీ. పైచిలుకు ఎక్కువ పెరుగుతుంది. వినడానికి ఏమీ కాదు, కానీ చిలుము పట్టు సడలడానికి చాలు. మరిగే నీళ్లలో పావుగంట ముంచి, వేడిగా ఉండగానే ప్రయత్నించడం సురక్షితమైన పద్ధతి. పిస్టన్ కూడా అల్యూమినియందే అయితే ఈ లాభం ఉండదు. నేరుగా మంట వద్దు. క్లోరిన్ రకం బ్రేక్ క్లీనర్ కొట్టిన భాగాన్ని వేడి చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, కాబట్టి క్లీనర్ వాడి ఉంటే కడిగి పూర్తిగా ఆరాకే వేడి సంగతి.

బోలుగా ఉన్న పిస్టన్ లోపలి గోడను పట్టుకునే ప్రత్యేక ప్లయర్లు దొరుకుతాయి. వాటితో లాగడం కన్నా తిప్పడం మేలు. ఒకసారి గుండ్రంగా తిరిగిందంటే పట్టు విడిపోయినట్టే, తర్వాత తిప్పుతూ లాగొచ్చు. బయటి గోడను మామూలు ప్లయర్‌తో పట్టుకోవడం మాత్రం పిస్టన్‌ను పారేయాలని నిర్ణయించుకున్నాకే చేయాల్సిన పని. గట్టి ప్లాస్టిక్ లాంటి ఫినాలిక్ పిస్టన్లయితే అంచు పగిలిపోతుంది.

గాడి శుభ్రం చేయడం

ఇక్కడ తొందరపడితే ఇంతవరకు పడ్డ శ్రమ వృథా. సీళ్లను ప్లాస్టిక్ లేదా ఇత్తడి మొనతో ఎత్తి తీయండి. బయటి పక్కది దుమ్మును ఆపే డస్ట్ సీలు, లోపలిది ప్రెషర్ ఆపేది. రెండూ వేరు కొలతలు, కొన్నిటికి కోత కూడా ఒక పక్కకు వాలి ఉంటుంది. తీసేటప్పుడే ఏది ఎటు ఉందో ఫోటో తీసుకోండి.

సీలు తీశాక గాడిలోకి టార్చి వేసి చూడండి. శుభ్రమైన లోహం లేత బూడిదరంగులో ఉంటుంది, చిలుము తెల్లగా సున్నం పట్టినట్టు కనిపిస్తుంది. మూలల్లో వేలిగోరు పోని చోట గట్టిగా అతుక్కుని ఉంటుంది. మొన చివరను గాడి వెంట నడిపిస్తే చిలుము ఉన్నచోట గరగరమని ఆగుతుంది, లేనిచోట జారిపోతుంది. ఆ గరగర పోయేదాకా గీకాలి. గాడి ముందు అంచు కాస్త ఏటవాలుగా కోసి ఉంటుంది, సీలు వంగి తిరిగి లేచేది ఆ ఖాళీలోనే. కాబట్టి ఉక్కు సూదితో, డ్రిల్లు మీద తీగ బ్రష్‌తో దాన్ని అరగదీయకండి. పని అయిందో లేదో తెలుసుకోవడానికి కొత్త సీలును పొడిగా గాడిలో కూర్చోబెట్టి చూడండి. చుట్టూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకచోట ఉబ్బెత్తుగా కనబడితే దాని కింద ఇంకా చిలుము ఉన్నట్టు.

పిస్టన్‌ను మెటల్ పాలిష్‌తో రుద్ది, గోరు అడ్డంగా నడిపి చూడండి. సీలు ఆనుకుని కదిలే భాగంలో గోరు తగులుకునే గుంట ఉందంటే కొత్త పిస్టన్ తప్పదు, ఎమరీ పేపర్‌తో నున్నగా చేస్తే క్రోమ్ పోయి ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. ప్యాడ్ వైపు అంచు దగ్గర, సీలుకు అందని చోట చిన్న మచ్చలుంటే ఫర్వాలేదు.

మళ్లీ కట్టడం

కొత్త సీళ్లను కొత్త బ్రేక్ ఆయిల్‌లో తడిపి, మెలి పడకుండా గాడిలో పెట్టండి. పిస్టన్‌కూ ఆయిల్ రాసి, నిటారుగా పెట్టి, బొటనవేళ్లతో నొక్కండి. కాస్త బిగుతుగా, ఒకే తీరుగా దిగాలి. క్లాంపు అవసరం పడిందంటే ఏదో తేడా ఉంది: ఏటవాలుగా వెళ్తోంది, సీలు మెలిపడింది, లేదా గాడిలో చిలుము మిగిలింది. బయటికి తీసి చూడండి, బలవంతం వద్దు.

బాంజోకు రెండు వైపులా కొత్త వాషర్లు, బోల్టులన్నీ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి). ఆయిల్, గ్రీజు అంటిన ప్యాడ్లు కడిగి వాడొద్దు, మార్చేయాలి. ఆయిల్ ట్యాంకు మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే ఆయిల్ పోయండి. డాట్ 5 సిలికాన్ రకం, మిగతావాటితో కలవదు.

ఎయిర్ తీయడం మామూలు పద్ధతే: లీవర్ నొక్కి పట్టుకుని, నిపుల్ తెరిచి, మూసి, అప్పుడు వదలడం. ఖాళీ క్యాలిపర్ కాబట్టి ఓపిక కావాలి. బుడగలు ఆగినా లీవర్ మెత్తగా ఉంటే దాన్ని హ్యాండిల్‌కు కట్టి రాత్రంతా ఉంచండి, చిన్న బుడగలు పైకి ఎక్కే అవకాశం ఉంటుంది. తెల్లారి ఇంకోసారి తీసేయండి.

బండి కదిలించే ముందు లీవర్ గట్టిపడేదాకా పదేపదే నొక్కాలి. మొదటి నొక్కులు ప్యాడ్లను డిస్క్ దాకా తేవడానికే సరిపోతాయి. గట్టిగా ఒక నిమిషం నొక్కి పట్టుకుని, బాంజో దగ్గర, పిస్టన్ల చుట్టూ పొడి టిష్యూ ఆనించి తడి ఉందేమో చూడండి. వదిలాక చక్రం చేత్తో తిప్పితే ప్యాడ్లు సన్నగా రాసుకుంటున్న చప్పుడు వినిపించొచ్చు, కానీ చక్రం ఆగిపోకూడదు. మొదటి పరీక్ష ఖాళీ స్థలంలో, నడక వేగంలో. తర్వాత కొన్ని కిలోమీటర్లు, బ్రేకు తక్కువ వాడుతూ నడిపి ఆపి, డిస్క్ మీద నాలుగు నీటి చుక్కలు వేయండి. చుక్కలు చుయ్యిమని ఆవిరైతే బ్రేకు ఇంకా పడుతూనే ఉంది. రెండు డిస్కుల బండి అయితే రెండిటి మీదా వేసి పోల్చండి. క్యాలిపర్ పని సరిగ్గా చేశామన్న నమ్మకం ఉండి కూడా ఇలా వేడెక్కుతుంటే, మళ్లీ పిస్టన్లు తీసే ముందు బ్లీడర్ తెరిచి చూసే పరీక్షతో హోస్, మాస్టర్ సిలిండర్‌ల సంగతి తేల్చుకోండి.